గిన్నెకు కలవని కాడ: ఒక సముద్ర లిల్లీ శిలాజం కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఒక కళాశాల మ్యూజియం బీరువాలో ఏళ్లుగా ఉన్న రాయి ఇది. పొడవు 21 సెం.మీ., వెడల్పు 14 సెం.మీ., మందం 3.2 సెం.మీ., బరువు 2.3 కిలోలు. బూడిదరంగు సిల్ట్‌స్టోన్ (సన్నటి ఒండ్రు గట్టిపడిన రాయి) మీద రెండు సముద్ర లిల్లీలు, అంటే పువ్వులా కనిపించే సముద్ర జంతువులు, పక్కపక్కనే వాలి ఉన్నాయి. వెనక అంటించిన పాత కాగితం మీద మూడే మాటలున్నాయి: ప్లాటిక్రైనస్, క్రాఫర్డ్స్‌విల్, ఇండియానా. మొదటిది సముద్ర లిల్లీ పేరు, మిగతావి అమెరికాలో ఒక ఊరు, దాని రాష్ట్రం. రాయిని శుభ్రం చేసి, ఏ భాగం ఏదో గుర్తించి, పాఠం చెప్పడానికి పనికొచ్చేలా తిరిగి ఇవ్వాలి. పని మొదలుపెట్టే ముందు చేసిన పరీక్షలోనే ఒక కాడ ఆ జంతువుది కాదని తేలింది. అది ఎలా తేలిందో, దాన్ని ఎలా విడదీశామో, ఈ తీరపు తేమ పనిని ఎక్కడెక్కడ చెడగొట్టిందో వరసగా రాస్తున్నాం.

మన చుట్టుపక్కల కొండల్లో ఇలాంటివి దొరకవు. కైలాసగిరిది ఖొండలైట్. భూమి లోతుల్లో అంత వేడికి మళ్లీ స్ఫటికాలుగా మారిన రాయిలో శిలాజం మిగలదు. దగ్గర్లో సముద్రపు శిలాజాలు కావాలంటే రాజమండ్రి వైపు కాతేరు, దుద్దుకూరు లాంటి చోట్ల లావా పొరల మధ్యన ఉన్న సున్నపురాళ్ల దాకా వెళ్లాలి. అక్కడ కూడా ప్రధానంగా ఆల్చిప్పలూ నత్తలే. కాబట్టి ఇక్కడి మ్యూజియాల్లో ఉన్న సముద్ర లిల్లీలు దాదాపు అన్నీ కొన్నవో, బదులు ఇచ్చిపుచ్చుకున్నవో అయి ఉంటాయి. అమ్మకానికి వచ్చిన శిలాజానికి మెరుగులు దిద్దడం పాత అలవాటు. అందుకే కాగితాన్ని నమ్మే ముందు రాయిని చదవాలి.

చదవాల్సింది అతుకులను

సముద్ర లిల్లీ పేరుకే పువ్వు. అసలది నక్షత్రచేపకు బంధువైన జంతువు. ఇంటర్ జువాలజీలో ఆంటిడాన్‌ను సముద్ర లిల్లీ అని చదువుకుంటాం. నిజానికి పెద్దయిన ఆంటిడాన్‌కు కాడే ఉండదు, పిల్లప్పుడు మాత్రమే కాడ మీద నిలబడుతుంది. 1827లో జాన్ వాన్ థాంప్సన్ ఆ పిల్లను చూసి వేరే జాతి అనుకున్నాడు. 1836 నాటికి అది ఆంటిడాన్ పిల్లేనని ఆయనే తేల్చాడు. ఈ రాయి మీద ఉన్నవి మాత్రం బతుకంతా కాడ మీదే నిలిచినవి.

అస్థిపంజరం మొత్తం కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ముక్కలతో కట్టింది. కాడలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్లలుంటాయి. దాని పైన పలకలతో చేసిన గిన్నె, గిన్నె అంచు నుంచి చేతులు, చేతులకు ఇరుపక్కలా పిన్యూల్స్ అనే సన్నటి పోగులు. బతికున్నప్పుడు ప్రతి ముక్కా స్పాంజిలా గుల్లగా ఉంటుంది, ఆ రంధ్రాల్లో మెత్తటి కణజాలం ఉంటుంది. అంత గుల్లగా ఉన్నా ముక్క ముక్కా ఒకే స్ఫటికం. శిలాజంగా మారేటప్పుడు ఆ రంధ్రాల్లోకి కూడా కాల్సైట్ అదే దిశలో చేరుతుంది. విరిగిన సముద్ర లిల్లీ బిళ్ల అద్దంలా తళుక్కుమనేది అందుకే. ఎపాక్సీ అనే గట్టి రెసిన్ జిగురుతో పోత పోసిన నకిలీ బిళ్లకు ఆ మెరుపు రాదు.

ముక్కల్ని కలిపి ఉంచేవి స్నాయువులు, కొన్నిటిలో చేతుల దగ్గర కండరాలు కూడా. జంతువు చచ్చాక ఇవి రోజుల్లోనే కుళ్లిపోయి ముక్కలన్నీ చెల్లాచెదురవుతాయి. సున్నపురాళ్లలో విడి బిళ్లలు గుట్టలుగా దొరికినా నిండు జంతువు అరుదుగా దొరకడానికి కారణం ఇదే. క్రాఫర్డ్స్‌విల్ దగ్గర సుమారు 34 కోట్ల ఏళ్ల కిందట డెల్టా నుంచి వచ్చిన సన్నటి ఒండ్రు వీటిని ఉన్నపళంగా కప్పేసింది. ఎడ్వర్డ్స్‌విల్ ఫార్మేషన్ అనే ఆ పొరల్లో 60కి పైగా సముద్ర లిల్లీ జాతులు దొరికాయి. ఇలాంటి రాయి విలువంతా అతుకుల్లోనే ఉంది. ఏ ముక్క దేని పక్కన ఉంది, ఏ కీలు ఎటు వంగింది అన్నదే మనకు మిగిలిన సమాచారం. శుభ్రం చేసే చెయ్యి ఆ అతుకుల్ని అరగదీస్తే ఇక మిగిలేది అలంకారపు రాయి.

పరీక్షలో కనిపించినవి

మొదటి రోజు పనిముట్టు ముట్టలేదు. 10 నుంచి 40 రెట్లు పెద్దది చేసి చూపే స్టీరియో మైక్రోస్కోపు కింద రాయిని అడ్డంగా, నిలువుగా సెంటీమీటరు గళ్ల చొప్పున చూసి గీసుకున్నాం. తర్వాత గది చీకటి చేసి 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చితో చూశాం. గాగుల్స్ తప్పనిసరి.

కుడివైపు కిరీటం, అంటే గిన్నే చేతులూ కలిసిన భాగం, చిన్నది. గిన్నె ఎత్తు 9 మి.మీ., శంఖువులా కిందికి సన్నబడింది. అడుగున 5 పలకలు, వాటి పైన 5, ఆ పైన చేతుల్ని మోసే 5. ఒక పక్కన అదనపు ఏనల్ పలకలు, అంటే మలద్వారం వైపు ఉండేవి, చొరబడి అయిదు భాగాల సౌష్ఠవాన్ని చెడగొట్టాయి. గుర్తింపుకు మొదట వెతకాల్సింది ఆ పక్కనే. 10 చేతులు, ఒక్కోటి ఒకే వరస ముక్కలతో, ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చీలల్లా వంకరగా పేర్చి ఉన్నాయి. ఇవన్నీ స్కైటలోక్రైనస్ అనే ప్రజాతికి సరిపోతాయి. కింద 74 మి.మీ. కాడ గిన్నె నుంచి ఎక్కడా తెగకుండా దిగింది. టార్చి వెలుగులో ఎక్కడా మెరవలేదు.

ఎడమవైపుది పెద్దది. గిన్నె ఎత్తు 16 మి.మీ., వెడల్పు 21 మి.మీ. అడుగున ఒకటి చిన్నది, రెండు పెద్దవిగా 3 పలకలు. వాటి పైన 5 పెద్ద పలకలు, అంతే. చేతుల్లో ముక్కలు రెండు వరసలుగా, జిప్పు పళ్లలా ఒకదానిలోకి ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఇలా రెండు వరసలైతే అంతే పొడవు చేతికి ఎక్కువ పిన్యూల్స్ పడతాయి, నీటిలోంచి ఆహారం పట్టే వల కన్ను చిక్కబడుతుంది. కాగితం మీద ప్లాటిక్రైనస్ అని రాసిన పాత పేరు కుటుంబం వరకు సరే. ఆ పాత ప్రజాతిని తర్వాత చాలా ముక్కలు చేశారు కాబట్టి మేం కొత్త చీటీ మీద కుటుంబం పేరే, ప్లాటిక్రినిటిడ్ అని, రాశాం.

తిరకాసు కాడ దగ్గర వచ్చింది. గిన్నె కింద 62 మి.మీ. పొడవున నిటారుగా, గుండ్రటి కాడ ఉంది. ఈ కుటుంబం కాడకు ఒక ప్రత్యేకత ఉంది. బిళ్లలు కోలగా ఉంటాయి, ప్రతి బిళ్ల ముఖం మీద పొడుగు వైపున ఒక గట్టు ఉంటుంది, కింది ముఖం మీది గట్టు పై ముఖం గట్టుకు కొంచెం తిరిగి ఉంటుంది. అందుకే కాడ మొత్తం మెలితిప్పిన రిబ్బనులా కనిపిస్తుంది. అయితే గుండ్రంగా ఉన్నంత మాత్రాన నకిలీ అనేయకూడదు. ఇదే కుటుంబంలో గిన్నెకు ఆనుకున్న మొదటి కొన్ని బిళ్లలు పల్చగా, గుండ్రంగానే ఉంటాయి. తొందరపడితే ఇక్కడే తప్పు చేస్తాం. 62 మి.మీ. దిగినా మెలిక రాకపోవడం మొదటి అనుమానం. కాడ తెగిన కొనను తిప్పి చూస్తే బిళ్ల ముఖం మీద గట్టు లేదు, అంచు చుట్టూ చక్రం ఆకుల్లా సన్నటి గాడులున్నాయి. ఇది రెండో సాక్ష్యం, దీంతో అనుమానం తీరిపోయింది. మూడోది టార్చి చూపింది. గిన్నెకూ కాడకూ మధ్య 2 మి.మీ. మేర నీలం కలిసిన తెల్లటి వెలుగు, కాడ ఇరుపక్కలా అదే వెలుగు సన్నటి గీతలా ఉంది. రాతి పొడి కలిపిన ఎపాక్సీ అది. మామూలు వెలుతురులో రాయి రంగుతో కలిసిపోయింది. 30 రెట్ల దగ్గర చూస్తే అందులో గాలి బుడగలు కనిపించాయి, ఒండ్రు రాతిలో బుడగలుండవు. ఎవరో గాడి తొలిచి మరో జంతువు కాడను అందులో కూర్చోబెట్టారు.

ముందు పక్కన తీసిపెట్టినవి

అతుకు విప్పే ముందు ఒక పని చేశాం, దీన్ని చాలామంది మరిచిపోతారు. రెండు కిరీటాల రంగు ఒకటి కాదు. పెద్దది లేత బూడిద, చిన్నది ముదురు గోధుమ. ఒకే రాయిలో, ఒకే బురదలో కూరుకుపోయినా రంగు తేడా ఉందంటే అది జంతువుల నుంచి వచ్చినదే కావచ్చు. 2013లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇండియానా, అయోవాల్లాంటి చోట్ల దొరికిన ఇదే కాలపు సముద్ర లిల్లీల్లో క్వినోన్లు అనే రంగు పదార్థాలను పోలిన సేంద్రియ అణువులను వేరుచేసి, అవి జాతిని బట్టి మారతాయని చూపారు. ఒకసారి జిగురు, రెసిన్ తాకితే ఆ పరీక్షకు రాయి పనికిరాదు. అందుకని రెండు జంతువుల నుంచీ అప్పటికే విడిపోయి పడి ఉన్న పెచ్చుల్ని స్టీలు పట్టకారుతో తీసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, గాజు సీసాల్లో విడివిడిగా పెట్టాం. ప్లాస్టిక్ కవరు వాడలేదు, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు పెచ్చుల్లో కలుస్తాయి.

అతుకు విప్పడం

గట్టిపడిన ఎపాక్సీ అసిటోన్‌కు కరగదు. 60 నుంచి 80 డిగ్రీల వేడి తగిలితే మెత్తబడుతుంది గనుక వేడిగాలి గన్ వాడదామన్న ఆలోచన వస్తుంది. వాడకూడదు. కాల్సైట్ వేడెక్కితే స్ఫటికపు ఒక అక్షం వెంట వ్యాకోచిస్తుంది, దానికి లంబంగా కొంచెం కుంచించుకుపోతుంది. గిన్నెలో ప్రతి పలకా వేరే దిశకు తిరిగిన స్ఫటికం. వేడి తగిలితే పలకలు తలో వైపు లాగి, కాపాడాలనుకున్న అతుకులే నోళ్లు తెరుస్తాయి. ఆమ్లం మాటే వద్దు. నిమ్మరసమైనా, వినిగరైనా శిలాజాన్ని రాతికన్నా ముందు తినేస్తుంది.

గాలి ఒత్తిడితో మొన వేగంగా కొట్టుకునే ఎయిర్ స్క్రైబ్ అనే పెన్నులాంటి పనిముట్టుతో ఎపాక్సీని దాని సొంత మందంలోనే తొలుచుకుంటూ పోయాం. మొన ఎపాక్సీలోనే ఉండాలి, కాల్సైట్‌ను తాకకూడదు. ప్రతి 5 నిమిషాలకూ ఆపి టార్చితో చూస్తే వెలిగే గీత ఎంత మిగిలిందో తెలుస్తుంది. 4 గంటలకు గుండ్రటి కాడ రెండు ముక్కలుగా ఊడి వచ్చింది. దాన్ని పారేయలేదు. విడి కాడను బట్టి ప్రజాతి చెప్పడం సాధారణంగా కుదరదు కాబట్టి "గుండ్రటి కాడ, ఈ రాయికి చెందనిది" అని రాసి వేరే ట్రేలో పెట్టాం.

గాడిలో మిగిలిన ఎపాక్సీ పొరను సూదితో గీరుతుండగా గిన్నె అడుగున పల్చటి గుండ్రటి బిళ్లలు 4 బయటపడ్డాయి. ఇవి అసలువే. వాటి వెంట రాతిలోకి వాలుగా దిగితే అయిదో బిళ్ల నుంచి కోలగా మారి మెలిక మొదలైంది. 11 మి.మీ. దాకా వెంబడించి ఆపాం. అసలు కాడ రాయి లోపలికి దూరిపోయింది. పైకి కనిపించడం లేదని పాత చెయ్యి ఎవరిదో నిటారు కాడను అతికించి చూపుకు నిండుదనం తెచ్చింది. ఇంకా తవ్వితే రాయి మందంలో సగం పోతుంది, చిన్న కిరీటానికి ఆధారం ఉండదు. 11 మి.మీ. మెలిక గుర్తింపుకు చాలు.

పొడి, గాలి, తేమ

చేతుల మధ్య ఉన్న ఒండ్రును తీయడానికి సన్నటి పొడిని గాలితో ఊదే మైక్రో శాండ్‌బ్లాస్టర్ వాడాం. కట్టుడు పళ్ల ల్యాబుల్లో వాడే రెండు పెన్నుల యంత్రమే ఇది. దానితో వచ్చే 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని ముందే తీసి దాచేయండి. కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో కాల్సైట్ 3, అల్యూమినా 9. ఒక్క నిమిషంలో పిన్యూల్స్ మాయమవుతాయి.

ఏ పొడి వాడాలన్నది ఈ ఊళ్లో వాతావరణం తేలుస్తుంది. ఐరోపాలో చాలామంది ఇనుప పొడి వాడతారు. ఇక్కడ అది వద్దు. సందుల్లో చిక్కిన రేణువు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాయి మీద ఎర్రటి మచ్చలు దించుతుంది. బేకింగ్ సోడా కాఠిన్యం 2.5, శిలాజానికి మంచిదే. కానీ అది చెమ్మ పట్టేస్తుంది, పొడి చేద్దామని ఓవెన్‌లో పెడితే 50 డిగ్రీలు దాటగానే సోడియం కార్బనేట్‌గా మారడం మొదలుపెడుతుంది. పైగా సందుల్లో మిగిలినది తేమకు కరిగి మళ్లీ స్ఫటికాలై పిన్యూల్స్‌ను పైకి నెడుతుంది. మిగిలింది డోలమైట్. కాఠిన్యం 3.5 నుంచి 4, అంటే కాల్సైట్ కంటే కాస్త గట్టిది, అందుకే ఒత్తిడి తగ్గించి వాడాలి. 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టినా దానికి ఏమీ కాదు.

రొయ్యల చెరువులకు అమ్మే డోలమైట్ పొడి మన జిల్లాల్లో చవకగా దొరుకుతుంది. నేరుగా వాడితే ప్రమాదం, క్వార్ట్జ్ గరుకు కలిసి ఉండవచ్చు. చెంచాడు పొడిని గోరువెచ్చని 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి పూర్తిగా కరగనివ్వాలి. అడుగున మిగిలినదాన్ని కడిగి రెండు గాజు ముక్కల మధ్య నలిపితే కరకరమంటే ఆ సంచి పనికిరాదు. నెగ్గిన పొడిని 325 మెష్, అంటే 45 మైక్రాన్ల జల్లెడలో పట్టి, ఆరబెట్టి, వేడిగా ఉండగానే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో మూసేయాలి.

నాజిల్ 0.5 మి.మీ. గాలి ఒత్తిడి ఒట్టి రాయి మీద 25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), చేతుల దగ్గరికి వచ్చాక 15 పీఎస్ఐ. దూరం 8 నుంచి 10 మి.మీ., కోణం 30 డిగ్రీలు, చేతి పొడవు వెంట కొనవైపుకే. అడ్డంగా కొడితే పిన్యూల్స్ దువ్వెన పళ్లలా విరుగుతాయి. మొదట విడి బిళ్లల మీద ప్రయోగించి చూడాలి. బిళ్ల నిగనిగ పోయి పొగమంచు పట్టినట్టు కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైనట్టే. చేతుల మధ్య చదరపు సెంటీమీటరుకు సుమారు 40 నిమిషాలు పట్టింది.

నష్టం అక్టోబరులో జరిగింది. గదిలో తేమ 82 శాతం. కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరి గొట్టంలో పొడి ఉండలు కట్టింది. నాజిల్ ఒక్క క్షణం మూసుకుని, ఉండ వదిలిన వెంటనే ఉన్న ఒత్తిడంతా ఒక్కసారిగా వెళ్లింది. పెద్ద కిరీటంలో ఒక చేతి మీద 3 పిన్యూల్స్ కొనలు, ఒక్కోటి 2 మి.మీ. మేర, లేచిపోయాయి. వాటిని తిరిగి కట్టలేదు, నమోదు కాగితంలో గుర్తుపెట్టాం. ఆ తర్వాత ఆయిల్ లేని కంప్రెసర్‌కు రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యరు, దాని తర్వాత సిలికా జెల్ గొట్టం కలిపాం. నీటి ట్రాప్‌ను ప్రతి 20 నిమిషాలకు వదిలాం. ఏసీ గదిలో తేమ 55 శాతం దాటితే ఆ రోజు పని లేదు. నాజిల్‌ను రాయి మీదికి తెచ్చే ముందు ప్రతిసారీ నల్ల కాగితం మీద 5 సెకన్లు ఊది, ధార ఒకే తీరుగా వస్తోందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాం. ఈ ఒక్క అలవాటు మొదటి నుంచీ ఉంటే ఆ 3 కొనలు ఉండేవి.

ఇది సిల్ట్‌స్టోన్, దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. గాజు పెట్టె లోపలే ఊదాలి, హెపా ఫిల్టరున్న వాక్యూమ్ పెట్టెకు కలపాలి, ముఖానికి ఎన్95కు తగ్గని మాస్కు ఉండాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ తిరిగి నయమయ్యే జబ్బు కాదు.

నత్త

పెద్ద కిరీటంలో చేతుల మధ్య 12 మి.మీ. ముద్ద ఒకటి ఉంది. చూడటానికి మిగిలిపోయిన రాతి బొబ్బలా ఉంది. శుభ్రతే లక్ష్యంగా పనిచేసే చెయ్యి దాన్ని ముందు తీసేస్తుంది. మేం దాని అంచు నుంచి 15 పీఎస్ఐతో మెల్లగా వచ్చాం. రెండో పూటకు పెంకు మీద పెరుగుదల గీతలు కనిపించాయి. ప్లాటిసెరాస్ ప్రజాతి నత్త అది. ఈ కుటుంబం సముద్ర లిల్లీల గిన్నె పైకప్పు గట్టి పలకలతో మూసి ఉంటుంది, నోరు దాని కిందే ఉంటుంది, మలద్వారం మాత్రం ఆ కప్పులోంచే బయటికి తెరుచుకుంటుంది. నత్త సరిగ్గా ఆ ద్వారం మీద నోరు ఆనించి కూర్చుంటుంది. ఒకే చోట ఏళ్ల తరబడి ఉండటంతో పెంకు అంచు కింది పలకల ఎగుడుదిగుడులకు తగినట్టు పెరుగుతుంది. మన రాయిలోనూ పెంకు అంచు రెండు పలకల మధ్య పల్లంలోకి వంగి ఉంది. ఆ వంపు స్పష్టంగా కనిపించే దాకా తీసి, నత్త కింద రాతిని అలాగే వదిలేశాం. మలద్వారం ఎటుందో నత్త చెప్పింది కాబట్టి ఏనల్ పక్క ఏదో తేల్చడానికి గిన్నెను ఇంకా తవ్వక్కర్లేకపోయింది.

గట్టిపరచడం, భద్రపరచడం

కదులుతున్న 2 చేతులకు మాత్రమే పారలాయిడ్ బి-72 అనే, అసిటోన్‌లో కరిగే యాక్రిలిక్ రెసిన్ వాడాం. 100 మి.లీ. అసిటోన్‌కు 3 గ్రాములు, సన్నటి కుంచెతో చుక్కచుక్కగా. విరిగిన అతుకుకు 50 శాతం చిక్కటిది. మొదటి చుక్కలు తెల్లగా పొంగినట్టు మసకబారాయి. అసిటోన్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి రెసిన్‌ను పాలలా విరిచేస్తుంది. దాన్ని గీకకూడదు. తేమ 50 శాతం ఉన్న గదిలో, అసిటోన్‌లో తడిపిన దూదిని పక్కన పెట్టి రాయి మీద గాజు గిన్నె బోర్లించి 15 నిమిషాలు ఉంచితే రెసిన్ మళ్లీ కరిగి తేటపడింది. దగ్గర్లో మంట, స్విచ్చు ఉండకూడదు.

ఫొటోలకు అమ్మోనియం క్లోరైడ్ పూత వేయలేదు. చెమ్మకు అది ఆమ్లంగా మారి కాల్సైట్‌ను తింటుంది. పక్క నుంచి 15 డిగ్రీల వాలులో ఒకే దీపం పెట్టి, నాలుగు దిక్కుల నుంచీ తీశాం. బిళ్లల మధ్య గీతలు అందులోనే బాగా పడ్డాయి.

రాయి ఎడమ మూలన ఇత్తడి రంగు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) చుక్కలు ఉన్నాయి. తేమ 60 శాతం దాటితే పైరైట్ ఆక్సీకరణ వేగం పుంజుకుంటుంది, అందులోంచి పుట్టే గంధకామ్లం పక్కనున్న కాల్సైట్‌ను జిప్సంగా మార్చి పగలగొడుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు బయటి గాలి ఆ గీతకు పైనే. కాబట్టి తెరిచిన షెల్ఫు దీనికి పనికిరాదు. పాత ప్లైవుడ్ బీరువా కూడా వద్దని చెప్పాం. దాని నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సున్నపు పెంకుల మీద తెల్లటి పొక్కులు లేపుతుంది. గాలి చొరని పాలిప్రొపిలీన్ పెట్టెలో పాలిథిన్ ఫోమ్ తొలిచి రాయిని కూర్చోబెట్టాం. అడుగున రంగుమారే సిలికా జెల్ 500 గ్రాములు, మూత లోపల తేమ సూచిక కార్డు. కార్డు 45 శాతం దాటితే జెల్ మార్చాలి. మొత్తం పని 31 గంటలు, 9 వారాల్లో.

పాత చీటీని తీసేయలేదు, కొత్తది దాని కింద పెట్టాం. దాని మీద ఇలా ఉంది: "ప్లాటిక్రినిటిడ్ కిరీటం, అసలు కాడ 11 మి.మీ., పైన ప్లాటిసెరాస్. స్కైటలోక్రైనస్ కిరీటం, కాడ 74 మి.మీ. ఎడ్వర్డ్స్‌విల్ ఫార్మేషన్, పాత చీటీ ప్రకారం క్రాఫర్డ్స్‌విల్. అతికించిన గుండ్రటి కాడ తొలగించి వేరే ట్రేలో ఉంచడమైనది. శుభ్రపరిచేటప్పుడు 3 పిన్యూల్స్ కొనలు పోయినవి. బి-72 రెండు చేతుల మీద మాత్రమే."